విద్యుత్ గిటారు పికప్‌లు – అభిరుచి పరిణామం

వాద్యములను గూర్చి వ్రాసేవారు సాధారణంగా వాదకుని వ్రేళ్ల నైపుణ్యాన్ని గూర్చి, బాణీని గూర్చి, గురుపరంపరను గూర్చి వ్రాస్తారు. తీగకూ శ్రోత చెవికీ నడుమ నిలిచిన యంత్రభాగాన్ని గూర్చి వ్రాయడం అరుదు. వీణకు కుండను, సితారుకు తుంబాను మెచ్చుకొనే మనం విద్యుత్ గిటారులో తీగల క్రింద ఇమిడి ఉన్న చిన్న పెట్టెను గమనించం. అగ్గిపెట్టె కంటె కాస్త పొడవైన ఆ పెట్టె పేరు పికప్. తీగ కదలికను విద్యుత్తుగా మార్చి ఆంప్లిఫైయరుకు పంపేది అదే. నేడు ఎక్కువగా వాడుకలో ఉన్న విద్యుత్ గిటార్ల దేహం ఘనమైన కట్టె. లోపల గాలి నిండిన గుల్ల లేదు. కావున పికప్ లేనిచో ఆ వాద్యపు ధ్వని ప్రక్క గదికి కూడా చేరదు.

ఈ పికప్‌ల విషయంలో గిటారు వాదకుల అభిరుచి ఏళ్లు గడచిన కొద్దీ మారుతూ ఉంటుంది. పద్దెనిమిదేళ్ల వయస్సులో కోరే పికప్ వేరు, నలభై దాటిన తరువాత అతడే కోరే పికప్ వేరు. ఈ మార్పు తరచుగా ఒకే దిక్కుకు సాగుతుంది: మొదట బలం, తరువాత స్పష్టత. విచిత్రమేమనగా ఒక వ్యక్తి జీవితంలో కనిపించే ఈ నడకే ఆ వాద్యపు తొంభై ఏళ్ల చరిత్రలోనూ కనిపిస్తుంది. దీనిని పరిపక్వత అని సరిపెట్టుకోవడం సులభం. కాని ఆ మార్పులో వివేకం పాలెంత, పరిసరాల పాలెంత, చెవికి జరిగిన నష్టం పాలెంత అన్నది విచారించదగిన ప్రశ్న.

ముందుగా పికప్ పనిచేసే తీరు తెలియాలి. 1831లో మైకేల్ ఫారడే కనుగొన్న విద్యుదయస్కాంత ప్రేరణను ఇంటర్మీడియట్ తరగతులలో చదివిన విద్యార్థులకు ఇందులో కొత్త లేదు. ఒక అయస్కాంతం, దాని చుట్టూ వేల చుట్లుగా చుట్టిన సన్నని రాగితీగ, పికప్ అంటే ఇంతే. గిటారు తీగలు ఉక్కువి గనుక అయస్కాంత క్షేత్రంలో తామూ అయస్కాంతాలౌతాయి. మీటిన తీగ కంపించినప్పుడు రాగిచుట్ట గుండా పోయే అభివాహం మారుతుంది. ఆ మార్పు చుట్టలో అతి స్వల్పమైన వోల్టేజిని పుట్టిస్తుంది. నైలాను తీగలు కట్టిన గిటారుకు ఇటువంటి పికప్ పనికిరాకపోవడానికి కారణం ఇదే. చుట్టడానికి వాడే రాగితీగ మందం సుమారు 0.063 మిల్లీమీటర్లు. అది తల వెంట్రుకతో పోల్చదగినది. చుట్టేవారి చేయి కాస్త బిగిస్తే తెగిపోతుంది.

అభిరుచికి మూలమైన చిక్కు ఇక్కడే ఉన్నది. చుట్లు పెంచిన కొద్దీ వోల్టేజి పెరిగి నాదం బలపడుతుంది. అయితే చుట్లతోబాటు ప్రేరకత్వమూ పెరుగుతుంది. ఆ ప్రేరకత్వం, చుట్టలోను ఆంప్లిఫైయరుకు పోయే కేబులులోను ఉండే కెపాసిటీ కలిసి ఒక అనునాద శిఖరాన్ని ఏర్పరుస్తాయి. ఆ శిఖరానికి పైనున్న పౌనఃపున్యాలు అణగిపోతాయి. చుట్లు పెరిగితే శిఖరం క్రిందికి దిగుతుంది; పైస్థాయి మెరుపు తగ్గి మధ్యస్థాయి బరువు పెరుగుతుంది. సుమారు 8000 చుట్లు గల ఫెండర్ స్ట్రాటోకాస్టర్ పికప్‌లో ఈ శిఖరం, కేబులు తగిలించిన మీదట, 3000 నుంచి 5000 హెర్ట్జ్‌ల ప్రాంతంలో ఉంటుంది. రెండు చుట్టలు గల గిబ్సన్ పికప్‌లో అది 2000 నుంచి 3000 ప్రాంతానికి దిగుతుంది. కావున 'మరింత బలం కావాలి' అని అడిగేవాడు, తనకు తెలియకుండానే, 'కొంత మెరుపును తీసివేయండి' అని కూడా అడుగుతున్నాడు.

అంగడిలో పికప్ బలాన్ని నిరోధంతో చెప్పడం ఆచారమైంది: ఇది 6 కిలో ఓములు, అది 8, మరొకటి 13 అని. కొనే కుర్రవాడు పెద్ద అంకెను ఎన్నుకొంటాడు. ఇది మనిషి బరువును చూసి బలాన్ని నిర్ణయించడం వంటిది. చుట్లు ఏమీ పెంచకుండా మరింత సన్నని తీగ వాడినా నిరోధం పెరుగుతుంది. అల్యూమినియం, నికెల్, కోబాల్టుల మిశ్రమమైన ఆల్నికో అయస్కాంతమా, సిరామిక్ అయస్కాంతమా అన్నదీ నాదాన్ని మారుస్తుంది. ఒక్క అంకెతో తేలే సంగతి కాదు.

విద్యుత్ గిటారు పుట్టిందే బలం కోసం. 1920లలో, 30లలో అమెరికా నాట్యశాలలలోని వాద్యబృందాలలో ట్రంపెట్లు, శాక్సఫోన్లు, డ్రమ్ముల నడుమ గిటారు వినిపించేది కాదు. జార్జి బోషాం అనే హవాయి గిటారు వాదకుడు, అడాల్ఫ్ రికెన్‌బాకర్‌తో కలిసి 1931లో గుర్రపునాడా ఆకారపు అయస్కాంతాలతో ఒక పికప్‌ను రూపొందించాడు. దానిని అమర్చిన గిటారు గుండ్రని దేహం, పొడవైన కాడతో ఉండడం వలన జనులు దానికి 'ఫ్రైయింగ్ పాన్' అని పేరు పెట్టారు. అనగా వేపుడు పెనం. 1932లో అది అమ్మకానికి వచ్చింది, 1937లో పేటెంటు లభించింది. 1936లో గిబ్సన్ సంస్థ ఇ.ఎస్.-150 గిటారును తెచ్చింది. 1939లో బెన్నీ గుడ్‌మన్ బృందంలో చేరిన చార్లీ క్రిస్టియన్ ఆ గిటారుతో శాక్సఫోను వలె దీర్ఘమైన స్వరపంక్తులను వాయించి, వెనుక వరుసలో తాళానికి తోడుగా కూర్చున్న వాద్యాన్ని ముందు వరుసకు తెచ్చాడు. 1942లో క్షయ వ్యాధితో మరణించేనాటికి అతనికి 25 ఏళ్లు మాత్రమే.

అప్పటి పికప్‌లలో ఒక పీడ ఉండేది. రాగిచుట్ట తీగ కంపనాన్నే గాక గదిలోని దీపాల నుంచి, ట్రాన్స్‌ఫార్మర్ల నుంచి వచ్చే అయస్కాంత క్షేత్రాన్ని కూడా గ్రహిస్తుంది. అమెరికాలో విద్యుత్ ప్రవాహం సెకనుకు 60 ఆవర్తనాలు, మన దేశంలో 50; ఆ లెక్కన ఆంప్లిఫైయరులో నిరంతరంగా ఒక గుయ్యిమనే రొద వినవస్తుంది. లియో ఫెండర్ 1950ల ఆరంభంలో తెచ్చిన టెలికాస్టర్‌లో, 1954 నాటి స్ట్రాటోకాస్టర్‌లో ఈ రొద ఉంది. అయినా వాటి గాజువంటి స్వచ్ఛత ముందు వాదకులు దానిని సహించారు. గిబ్సన్ సంస్థలోని సెత్ లవర్ అనే ఇంజనీరు దీనికి విరుగుడు ఆలోచించాడు. రెండు చుట్టలను ప్రక్క ప్రక్కన ఉంచి, ఒకదానిలో అయస్కాంత ధ్రువాన్నీ, తీగ చుట్టిన దిశనూ తారుమారు చేస్తే, బయటి రొద రెండింటిలో ఎదురెదురుగా పుట్టి రద్దవుతుంది. తీగ నాదం మాత్రం రెండుసార్లు తారుమారై, అనగా మొదటి స్థితికే వచ్చి, కూడుకొంటుంది. రొదను అణచునది గనుక దానికి హంబకర్ అని పేరు. 1955లో దరఖాస్తు చేయగా 1959లో పేటెంటు వచ్చింది. ఈలోగా 1957 నుంచి గిటార్లలో అమర్చిన పికప్‌ల అడుగున 'పేటెంటుకు దరఖాస్తు చేయబడినది' అనే అర్థం గల చిన్న చీటీని అంటించారు. ఆ ఆంగ్ల పదాల మొదటి అక్షరాలతో వాటికి పి.ఏ.ఎఫ్. అన్న పేరు స్థిరపడింది. తరువాతి చీటీల మీద అచ్చు వేసిన పేటెంటు సంఖ్య పికప్‌ది కాదు, గిటారు తీగలను బిగించే తోకపలకది! పోటీదారులు తెప్పించుకొని చూస్తే వారికి దొరికేది తోకపలక నమూనాయే. పొరపాటో, యుక్తియో గాని అది అట్లే కొనసాగింది.

పి.ఏ.ఎఫ్. పికప్‌ల గూర్చి ఒక్క విషయం గుర్తుంచుకోవాలి. అవి ఒక్కటొక్కటి ఒక్కొక్క తీరుగా ఉండేవి. చుట్టే యంత్రాన్ని నడిపేవారు చుట్ట నిండిందని తోచినప్పుడు ఆపేవారు. అయస్కాంతాలు కూడా చేతికందిన రకం వాడేవారు. ఒక్కొక్క చుట్టలో దాదాపు 5000 చుట్లు ఉండవలసినచోట కొన్నింట తక్కువ, కొన్నింట ఎక్కువ. ఒకే పికప్‌లో రెండు చుట్టలు సమానంగా లేనివీ ఉన్నాయి. అసమానమైన చుట్టలు రొదను పూర్తిగా రద్దు చేయలేవు. కాని ఆ అసమానత నాదానికి ఒక తెరిపినిస్తుందని తరువాతివారు మెచ్చుకొన్నారు. నాటి కర్మాగారంలో లోపంగా ఎంచదగినదే నేటి వేలంపాటలో గుణంగా ధర పలుకుతోంది.

1960లలో యువకులు ఆంప్లిఫైయరును దాని శక్తికి మించి మోగించడం మొదలుపెట్టారు. అట్లా చేస్తే నాదతరంగపు శిఖరాలు తెగిపోయి, ధ్వని చిరిగి గరుకుతేలుతుంది. ఇంజనీర్లు డిస్టార్షన్ అని, అనగా వికృతి అని పిలిచిన ఆ ధ్వనిలో యువతరం ఒక ఆర్ద్రతను విన్నది. మన ఉర్దూ విభాగపు మిత్రులైతే సాజ్‌లో సోజ్ పుట్టింది అంటారేమో. 1966లో జాన్ మాయాల్ బృందపు ఆల్బములో ఎరిక్ క్లాప్టన్, హంబకర్లు గల పాత లెస్ పాల్ గిటారును మార్షల్ ఆంప్లిఫైయరుతో గట్టిగా మోగించి వాయించాడు. అప్పటికి ఆ నమూనా తయారీ నిలిచిపోయి అయిదారేళ్లయింది. గిరాకీ చూసి గిబ్సన్ 1968లో లెస్ పాల్‌ను తిరిగి తెచ్చింది. కాని కొత్తవి పాతవాటి వలె లేవన్న మాట అప్పుడే బయలుదేరింది. 'పాత కాలపు పికప్' అన్న మోహానికి అది ఆరంభం.

ఆంప్లిఫైయరు చిరిగిన నాదాన్ని ఇవ్వాలంటే దానిని చెవులు పగిలేంత స్థాయిలో మోగించాలి. అది అందరికీ సాధ్యం కాదు. పికప్ నుంచే బలమైన వోల్టేజి వస్తే ఆంప్లిఫైయరు తొందరగా ఆ స్థితికి చేరుతుంది. 1972లో లారీ డిమార్జియో ఈ ఉపాయంతో 'సూపర్ డిస్టార్షన్' అనే పికప్‌ను తెచ్చాడు: సిరామిక్ అయస్కాంతం, సుమారు 13 కిలో ఓముల నిరోధం. గిటారుతో వచ్చిన పికప్‌ను తీసివేసి వేరొకటి అమర్చుకోవడమనే వ్యాపారం దీనితోనే ఊపందుకొన్నది. కిస్ బృందంలోని ఏస్ ఫ్రేలీ, జాజ్-రాక్ వాదకుడు ఆల్ డిమియోలా దానిని వాడారు. అదే కాలంలో లండన్‌లో పనిచేస్తుండిన సేమూర్ డంకన్ అనే అమెరికన్, జెఫ్ బెక్ కోసం ఒక టెలికాస్టర్‌లో గిబ్సన్ హంబకర్లను తిరిగి చుట్టి అమర్చాడు. 1975 నాటి 'బ్లో బై బ్లో' ఆల్బములో దాని నాదం వినవచ్చు. 1976లో డంకన్ కాలిఫోర్నియాలో తన సంస్థను స్థాపించాడు.

బలం పెరిగితే మరో ఇబ్బంది తల ఎత్తుతుంది. గట్టి ధ్వనికి చుట్టలోని రాగితీగలే వదులుగా కదిలి పికప్ కీచుమంటుంది. ఎడ్డీ వాన్ హాలెన్ ఒక గిబ్సన్ గిటారు నుంచి తీసిన పి.ఏ.ఎఫ్.ను కరిగించిన మైనంలో ముంచి, చుట్లను కదలకుండా చేసి, స్ట్రాటోకాస్టర్ ఆకారపు దేహంలో తానే బిగించుకొన్నాడు. 1978లో వెలువడిన వాన్ హాలెన్ మొదటి ఆల్బము విన్న తరువాత అటువంటి గిటారు కోరని యువకుడు లేడంటే అతిశయోక్తి కాదు. 1980ల చివరకు మెటాలికా వంటి బృందాలు మరొక మెట్టు ఎక్కి, రాబ్ టర్నర్ స్థాపించిన ఇ.ఎం.జి. సంస్థవారి 'యాక్టివ్' పికప్‌లను స్వీకరించాయి. వీటిలో చుట్లు తక్కువ. గిటారులోనే 9 వోల్టుల బ్యాటరీతో పనిచేసే చిన్న ఆంప్లిఫైయరు ఉంటుంది. రొద దాదాపు ఉండదు, బలం ఎక్కువ, ప్రతి స్వరం ఒకే ఎత్తున తెగి పడుతుంది. ఆ సంగీతానికి కావలసినదీ అదే.

ఇక్కడ గాలి మళ్లింది. ఆంప్లిఫైయర్లు మారాయి. రాండల్ స్మిత్ 'మీసా బూగీ'లో ఒక వాల్వు దశ వెంట మరొక దశను జోడించి, చిన్న గదిలోనూ చిరిగిన నాదాన్ని సాధ్యం చేశాడు. 1981లో మార్షల్ జె.సి.ఎం.800, 1987లో సొల్డానో వచ్చాయి. వాల్వులే కావలసినంత వికృతిని ఇస్తున్నప్పుడు పికప్ బలంగా ఉండవలసిన అవసరమేమి? పైగా బలమైన పికప్, బలమైన ఆంప్లిఫైయరు కలిస్తే నాదమంతా ముద్దయిపోతుంది. మెల్లగా మీటినా గట్టిగా మీటినా ఒకటే. 1987లో గన్స్ ఎన్ రోజెస్ మొదటి ఆల్బములో స్లాష్ వాయించిన లెస్ పాల్ ప్రతిరూపంలో ఉన్నవి డంకన్ వారి ఆల్నికో-2 పికప్‌లు. పాత పి.ఏ.ఎఫ్. తరహాకు చెందిన మితమైన బలం వాటిది. ఎంతో దూకుడుగా వినిపించే ఆ ఆల్బము నాదం వెనుక ఉన్నది మెత్తని పికప్ అన్న సంగతి చాలామంది యువకులకు నేటికీ ఆశ్చర్యం కలిగిస్తుంది.

1990ల నుంచి లిండీ ఫ్రాలిన్, జేసన్ లోలర్ వంటివారు చిన్న కార్యశాలలలో పాత పద్ధతిన పికప్‌లు చుట్టి పేరు గడించారు. ఫెండర్ కర్మాగారంలో 1956 నుంచి చుట్టలు చుట్టిన అబిగైల్ యిబారా 2013లో విశ్రాంతి తీసుకొనేనాటికి, ఆమె చేతి పికప్‌లు ప్రత్యేకంగా వెదకి కొనదగినవయ్యాయి. యంత్రం బొబ్బిన్‌ను త్రిప్పుతూ ఉంటే తీగను వ్రేళ్ల నడుమ పట్టి నడిపించడం ఆమె పని. చేతితో నడిపినప్పుడు చుట్లు ఒకదానిపై ఒకటి వరుసగా కూర్చోవు, చెదరి కూర్చుంటాయి. అందువలన చుట్టలోని కెపాసిటీ కొంత మారుతుంది. దశాబ్దాల పాటు ఎవరూ పేరు అడగని ఒక కార్మికురాలి చేతివాటం పిదప అపురూపమైన సరుకు కావడం న్యాయమే గాని, ఆలస్యమైన న్యాయం.

ఒకే మనిషిలో ఈ చక్రం తిరగడం చూడాలంటే క్లాప్టన్ జీవితం కంటె మంచి ఉదాహరణ దొరకదు. యార్డ్‌బర్డ్స్ బృందంలో ఉన్నప్పుడు అతడు సన్నని, కోసుకుపోయే నాదం గల టెలికాస్టర్ వాయించాడు. తరువాత లెస్ పాల్. ఆ గిటారు 1966లోనే దొంగలపాలైంది. క్రీమ్ బృందంలోనూ హంబకర్ గిటార్లనే ఎక్కువగా వాయించాడు. 1970లో 'లైలా' నాటికి స్ట్రాటోకాస్టర్‌కు మారాడు. మజ్నూ కథలోని నాయిక పేరిట వచ్చిన ఆ గీతాన్ని మన కళాశాలలో వినిపిస్తే ఉర్దూ విద్యార్థులు ముందుగా తల ఊపుతారు. ఆ ఏడాదే పాత స్ట్రాటోకాస్టర్లు కొని, మూడింటి భాగాలను కలిపి 'బ్లాకీ' అనే గిటారును కూర్చుకొని, 1980ల నడుమ దాకా దానినే ప్రధానంగా వాయించాడు. అనగా ఇరవయ్యైదేళ్ల వయస్సులో బలాన్ని వదలి స్పష్టతను వరించాడు. కథ ఇక్కడ ముగిస్తే చక్కగా ఉండేది. కాని 1988లో ఫెండర్ అతని పేరిట తెచ్చిన గిటారులో రొద తక్కువగా ఉండే లేస్ సెన్సర్ పికప్‌లున్నాయి; వాటితోబాటు బ్యాటరీతో పనిచేస్తూ మధ్యస్థాయిని 25 డెసిబెల్‌ల దాకా పెంచే ఒక సర్క్యూటూ ఉంది. స్ట్రాటోకాస్టర్ చేతిలో ఉండగానే, మీట త్రిప్పితే తన యౌవనకాలపు లావైన నాదం రావాలని అతడు కోరుకొన్నాడు! 2001 ప్రాంతంలో ఆ పికప్‌లు పోయి, పాత స్ట్రాటోకాస్టర్ నాదాన్ని రొద లేకుండా ఇవ్వజూచే మరొక రకం వచ్చింది. మధ్యస్థాయి సర్క్యూటు మాత్రం ఉండిపోయింది. అభిరుచి పాతదానిని పూర్తిగా విడిచిపెట్టదు. దానిని వెంట బెట్టుకొనే కొత్త ఇంటికి మారుతుంది.

మెటాలికాలోని కిర్క్ హామెట్ సంగతి మరొక తీరు. దశాబ్దాల పాటు యాక్టివ్ పికప్‌లకు పేరుపడిన ఆయన 2014లో, ఒకప్పుడు పీటర్ గ్రీన్‌దై ఆ పైన గేరీ మూర్ చేతికి వచ్చిన 1959 నాటి లెస్ పాల్‌ను కొన్నాడు. దానిలో ఒక పికప్ అయస్కాంత ధ్రువం తారుమారై ఉండడం వలన రెండు పికప్‌లను కలిపితే నాదం ముక్కుతో పాడినట్లు సన్నగా, బోలుగా వస్తుంది. ఒక విధంగా అది చెడిపోయిన గిటారే. ఆ చెడునే మూడు తరాల వాదకులు వెదకి పట్టుకొన్నారు.

అభిరుచి ఎందుకు మారుతుందన్న ప్రశ్నకు వద్దాం. నేర్చుకొనేవానికి బలమైన పికప్ ఒక దుప్పటి వంటిది. స్వరం ఎక్కువసేపు నిలుస్తుంది, మీటులోని హెచ్చుతగ్గులు కప్పబడతాయి, వేగం సులభంగా తోస్తుంది. చేయి కుదిరిన తరువాత ఆ దుప్పటే అడ్డమనిపిస్తుంది. జెఫ్ బెక్ 1980లలో పిక్‌ను వదలి వట్టి వ్రేళ్లతో వాయించడం మొదలుపెట్టి, చిటికెన వ్రేలితో ధ్వనిమీటను త్రిప్పుతూ ఒక్కొక్క స్వరానికి ఒక్కొక్క ఎత్తునిచ్చాడు. 2023లో మరణించేదాకా అదే పద్ధతి. అటువంటి చేతికి ప్రతి స్పర్శనూ వేరుగా వినిపించే పికప్ కావాలి. ఇది నిజమైన పరిపక్వత. ఇందులో సందేహం లేదు. అయితే పరిసరాలు కూడా మారతాయని మరువరాదు. ఇరవై ఏట స్నేహితుల బృందంలో డ్రమ్ముల ప్రక్కన నిలిచి వాయించినవాడు, నలభయ్యవ ఏట పిల్లలు నిద్రించిన తరువాత ఇంట్లో మెల్లగా వాయిస్తాడు. బృందంలో ముద్దగా తోచని నాదం ఏకాంతంలో ముద్దగా తోస్తుంది. బృందంలో చెవిని గ్రుచ్చే మెరుపు ఏకాంతంలో హాయిగా ఉంటుంది. అతడు 'నా రుచి ఎదిగింది' అనుకొంటాడు, మారింది గది.

మూడవ కారణాన్ని వాదకులు చెప్పుకోవడానికి ఇష్టపడరు. మానవుని చెవి మిక్కిలి సున్నితంగా వినేది 2000 నుంచి 5000 హెర్ట్జ్‌ల నడుమ. పికప్‌ల అనునాద శిఖరాలున్నవి సరిగ్గా అక్కడే. గట్టి ధ్వనికి చాలాకాలం గురియైన చెవి మొదట దెబ్బతినేది కూడా 4000 హెర్ట్జ్‌ల పరిసరంలోనే. లోచెవిలోని రోమకణాలు ఒకసారి నశిస్తే తిరిగి మొలవవు. కావున ముప్పై ఏళ్లు ఆంప్లిఫైయరు ముందు నిలిచినవాడు 'ఈ పికప్ మందంగా ఉంది, ఇంకా మెరుపు కావాలి' అన్నప్పుడు, మందగించింది పికప్పా చెవియా అన్నది అతడు కూడా చెప్పలేడు. పీట్ టౌన్‌షెండ్ వినికిడి దెబ్బతిన్నందున 1989 నాటి ది హూ యాత్రలో చాలావరకు విద్యుత్ రహితమైన గిటారునే వాయించవలసి వచ్చింది. తన వినికిడి తగ్గుతున్నదని, చెవులలో హోరు ఉన్నదని క్లాప్టన్ 2018లో రేడియో సంభాషణలో చెప్పాడు. రెండు దశాబ్దాలు బలాన్ని వెదకిన తరం, ఆ బలానికి మూల్యం ఏ చోట చెల్లించిందో అదే చోట స్పష్టతను వెదకుతున్నది. ఇంట్లో గిటారు సాధన చేసే మన విద్యార్థులు, ముఖ్యంగా హెడ్‌ఫోన్లతో సాధన చేసేవారు, పికప్ మార్చడానికి ముందు ధ్వనిస్థాయిని గూర్చి ఆలోచించడం మేలు.

తెలుగువారికి ఈ పికప్ ఒక వేరు దారిలో మేలు చేసింది. పాలకొల్లులో 1969లో జన్మించిన ఉప్పలపు శ్రీనివాస్, 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవంలో తొలి కచేరీ చేసిన బాలుడు, మాండలిన్‌ను కర్ణాటక సంగీతంలో నిలబెట్టగలగడానికి విద్యుత్ పికప్ ఒక ముఖ్య కారణం. మామూలు మాండలిన్ తీగలు జంటలు. మీటిన స్వరం వెంటనే ఆరిపోతుంది. గమకానికి స్వరం నిలవాలి. ఆయన జంటలకు బదులు అయిదు ఒంటి తీగలు గల విద్యుత్ మాండలిన్‌ను చేపట్టారు. ఒంటి తీగ అయితే ప్రక్కకు లాగవచ్చు. పికప్, ఆంప్లిఫైయరు కలిస్తే లాగిన స్వరపు చివరి వణుకు కూడా సభలో చివరి వరుస దాకా వినిపిస్తుంది. ఇక్కడ పికప్ బలం కావలసింది గరుకుతనానికి కాదు, మెల్లని స్వరం మెల్లగానే దూరం పోవడానికి. 1990ల చివర ఆయన 'రిమెంబర్ శక్తి' బృందంలో జాన్ మెక్‌లాఫ్లిన్ ప్రక్కన కూర్చున్నారు. ఆ మెక్‌లాఫ్లిన్ 1971లో మహావిష్ణు ఆర్కెస్ట్రాలో రెండు మెడల గిబ్సన్‌తో పిడుగులు కురిపించి, 1975 ప్రాంతంలో మొదటి 'శక్తి'లో పూర్తిగా విద్యుత్ రహితమైన గిటారుకు మారి, ఈ రెండవ 'శక్తి'లో మరల విద్యుత్ గిటారుతో, ఈసారి నునుపైన మృదునాదంతో, వచ్చినవాడు. 2014లో శ్రీనివాస్ అకాలమరణం దాకా వారిద్దరి స్వరసంవాదాల రికార్డులున్నాయి. రెండు పికప్‌లు ఒకదానినొకటి వినడమంటే ఏమిటో తెలియాలంటే అవి వినాలి.

శ్రీనివాస్ మరణించిన ఆ 2014లోనే అమెరికాలో ఫిష్‌మన్ సంస్థ రాగితీగ చుట్టకే స్వస్తి చెప్పి, పొరలు పొరలుగా అచ్చు వేసిన సర్క్యూటు పలకలతో ఒక పికప్‌ను తెచ్చింది. మీట నొక్కితే అది ఒక నాదం నుంచి మరొక నాదానికి మారుతుంది. ఒకే పికప్‌లో యౌవనం, ప్రౌఢత్వం రెండూ అమ్మకానికి పెట్టినట్లున్నది. అయినా పాత తరహా చుట్టలకు గిరాకీ తగ్గలేదు. వాటి మహిమగా చెప్పేదానిలో కొంత భౌతికశాస్త్రం, కొంత భక్తి. ఏ పికప్‌దో తెలియనీయకుండా కేవలం నాదాన్ని వినిపిస్తే, ధర చెప్పి వినిపించినప్పటి తారతమ్యాలలో ఎన్ని నిలుస్తాయో సందేహమే.

పికప్ మార్చాలని తోచినవారు ముందుగా ఖర్చులేని ఒక పని చేయవచ్చు. ప్రతి పికప్ ప్రక్కన దాని ఎత్తును మార్చే మరలు ఉంటాయి. అది తీగకు దగ్గరైతే బలం పెరుగుతుంది. మరీ దగ్గరైతే, ముఖ్యంగా స్ట్రాటోకాస్టర్ రకంలో, అయస్కాంతం తీగను పట్టిలాగి శ్రుతిని చెడగొడుతుంది, స్వరం త్వరగా ఆరిపోతుంది. లావు తీగల వైపు ఒక మిల్లీమీటరు దించి వింటే, ముద్దగా ఉన్న నాదం విచ్చుకోవడం చాలా గిటార్లలో అప్పటికప్పుడే వినవచ్చు. దానికి కావలసింది చిన్న స్క్రూడ్రైవరు ఒక్కటే.